పాత కారులో టైమింగు బెల్టు – దాని మార్పు, అమరిక

గ్రామములో ఒక పాత కారున్నదనిన, అవసరము వచ్చినప్పుడు అది ఊరందరి కారే. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని పట్టణములోని ఆసుపత్రికి చేర్చుటకు గాని, పాము కరచిన రైతును తీసికొనిపోవుటకు గాని ఊరివారు ముందుగా తలుపు తట్టునది ఆ కారు గలవారి ఇంటినే. ఆ తట్టువారిలో పంచాయతీ సభ్యుడు ముందుండుట మన పల్లెలలో వాడుక. అట్టి కారు నడిత్రోవలో చప్పున ఆగి మరల కదలకున్నచో కలుగు చిక్కు వేరుగా చెప్పనక్కరలేదు. టైరు పగిలిన మార్చుకొనవచ్చును. బ్యాటరీ చచ్చిన నలుగురు కలిసి త్రోయవచ్చును. టైమింగు బెల్టు తెగినచో మాత్రము త్రోసినను లాగినను ఇంజను పలుకదు. పైగా ఈ బెల్టు తెగుటకు ముందు చాలమారులు ఏ హెచ్చరికయు ఇయ్యదు. దీనిని గురించి కొంత తెలిసికొనియుండుట ఊరి పెద్దలకు ఉపకరించును.

మొదట ఈ బెల్టు చేయు పనిని గ్రహింపవలెను. ఇంజనులో పిస్టను సిలిండరు లోపల పైకి క్రిందికి ఆడుచుండును. ఆ ఆట నాలుగు అంచెలుగా సాగును: గాలిని, పెట్రోలును పీల్చుట, దానిని అదుముట, మండినప్పుడు కలుగు ఒత్తిడికి క్రిందికి నెట్టబడుట, పొగను వెలుపలికి విడుచుట. ఈ నాలుగు అంచెలు పూర్తియగునప్పటికి క్రిందనున్న క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. పీల్చునప్పుడు ఒక వాల్వు తెరచుకొనవలెను, పొగ విడుచునప్పుడు ఇంకొక వాల్వు తెరచుకొనవలెను, తక్కిన రెండు అంచెలలో రెండును గట్టిగా మూసికొనియుండవలెను. వాల్వులను తెరచి మూయునది పైనున్న క్యాము షాఫ్టు. నాలుగు అంచెలకు ప్రతి వాల్వు ఒక్కసారియే తెరచుకొనును గనుక, క్రాంకు రెండు చుట్లు తిరుగులోపల క్యాము ఒక్క చుట్టే తిరుగవలెను. ఈ రెండింటిని కలిపి, లెక్క తప్పకుండ నడిపించునదియే టైమింగు బెల్టు. క్రాంకు చక్రమునకు ఎన్ని పళ్లున్నవో క్యాము చక్రమునకు సరిగా దానికి రెట్టింపు పళ్లుండును. బెల్టు లోపలి ప్రక్కనున్న పళ్లు ఆ చక్రముల పళ్ల నడుమ ఇముడును.

ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నప్పుడు క్యాము 1,500 చుట్లు తిరుగును. అనగా ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 మారులు తెరచి మూసికొనుచున్నది. ఇంత వేగములో ఒక్క పన్ను తేడా వచ్చినను వాల్వు తెరచుకొనవలసిన వేళకు తెరచుకొనదు.

ఇంటిలో కుట్టు మిషను ఉన్నవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పైనుండి సూది దిగి పైకి లేచుచున్న క్షణముననే క్రింది కొక్కెము వచ్చి దారపు ఉచ్చును పట్టుకొనవలెను. కొక్కెము కొంచెము ముందు వచ్చినను, వెనుక వచ్చినను కుట్టు పడదు. ఈ పోలిక ఊరక తెచ్చినది కాదు. పళ్ల బెల్టు 1940 ప్రాంతపు దశకములో అమెరికాలో పుట్టినది కుట్టు మిషను కొరకే. మోటారు కార్లలోనికి అది తరువాత వచ్చినది. జర్మనీలో గ్లాస్ కంపెనీవారు 1962 నుండి తయారు చేసిన 1004 అను చిన్న కారులో దీనిని వాడిరి. 1966లో ఇటలీలోని ఫియట్ వారును తమ కారు ఒకదానిలో దీనిని ప్రవేశపెట్టిరి. గొలుసు కంటె ఇది తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు, వెల కూడ తక్కువ. అందువలన చిన్న కార్ల తయారీదారులు దీనిని మెచ్చిరి.

మన దేశములో ఈ బెల్టును పల్లెపల్లెకు తెచ్చినది మారుతి 800 అని చెప్పవచ్చును. 1983 డిసెంబరులో మొదటి కారు కొనుగోలుదారునకు అందినది. 1984లో అదే తరగతి ఇంజనుతో మారుతి వ్యాను వెలువడి, పిదప ఓమ్ని అను పేరు పొందినది. రెండింటిలోను 796 ఘనపు సెంటిమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, తలపై ఒకే క్యాము షాఫ్టు, దానిని త్రిప్పుటకు పళ్ల బెల్టు. మారుతి 800 తయారీ 2014 జనవరిలోను, ఓమ్ని తయారీ 2019లోను నిలిచిపోయినవి. కావున నేడు మన ఊళ్లలో తిరుగుచున్నవి అన్నియు పాతవే. వాటిలో పెక్కు రెండు మూడు చేతులు మారినవి. అంతకు ముందు కాలమునాటి అంబాసిడరు, పద్మిని పెట్రోలు కార్లలో ఈ పనికి గొలుసు ఉండెడిది. ట్రాక్టర్లలోను, పొలములోని డీజిలు పంపు ఇంజనులలోను సాధారణముగా ఉక్కు పళ్ల చక్రములే ఒకదానినొకటి త్రిప్పుచుండును. ఇది పంచాయతీ సభ్యులు జ్ఞాపకముంచుకొనదగిన విషయము. తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూడినవి. అట్టి ట్రాక్టరుకు టైమింగు బెల్టు మార్చినామని ఎవరైన బిల్లు తెచ్చినచో, చెల్లింపునకు ముందు ఆ పాత బెల్టును ఒకసారి చూపుమని అడుగుట మంచిది.

ఈ బెల్టు రబ్బరుతో చేయబడినది. లోపల పొడవున గాజు నార త్రాళ్లు ఉండును. బలమంతయు ఆ నారలోనే యున్నది. రబ్బరు వేడికి, వయస్సుకు గట్టిపడి బీటలు వారును. ఇంజను నూనె తగిలిన మెత్తబడి పళ్లు ఊడును. మడత పడినచో లోని నార విరుగును, అయినను పైకి ఏమియు కనబడదు. బెల్టు ఒక మూత క్రింద దాగియుండుటచేత ప్రతిదినము కారు తుడుచువానికి కూడ అది కంటబడదు. అందుచేత దీనిని పాడైన పిమ్మట మార్చుట అను పద్ధతి పనికిరాదు. కిలోమీటర్ల లెక్కను బట్టి, సంవత్సరముల లెక్కను బట్టి మార్చవలెను. పాత కార్లలో తయారీదారులు సాధారణముగా 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల నడుమ ఒక గడువు పెట్టుదురు. ఆ కారుతో వచ్చిన పుస్తకములోని లెక్కయే ప్రమాణము. కారు తక్కువగా తిరిగినను, ఐదారు సంవత్సరములు దాటిన బెల్టును నమ్మరాదు. ఎన్నడు మార్చిరో చెప్పువారు లేని కారును కొన్నచో, బెల్టు గడువు తీరినదనియే యెంచి ముందుగా దానిని మార్పించుకొనవలెను.

తెగినప్పుడు జరుగునది యేమి? క్యాము ఎక్కడిదక్కడ నిలిచిపోవును. అప్పుడు కొన్ని వాల్వులు తెరచియే యుండును. క్రాంకు మాత్రము వెంటనే నిలువదు. కారు పరుగు వలన పిస్టన్లు ఇంకను కొట్టుకొనుచుండును. కొన్ని ఇంజనులలో పిస్టను ఎంత పైకి వచ్చినను తెరచిన వాల్వుకు తగులనంత చోటు ఉండును. అట్టి వానికి క్రొత్త బెల్టు వేసిన చాలును. ఇంకొన్నిటిలో ఆ చోటు లేదు. పిస్టను వచ్చి వాల్వును కొట్టును, వాల్వు కాడ వంగును, ఒక్కొక్కప్పుడు పిస్టను కూడ పగులును. అప్పుడు ఇంజను తలను విప్పి బాగుచేయవలసి వచ్చును. బెల్టు వెలకు ఈ ఖర్చు అనేక రెట్లు. డీజిలు కార్లలో గాలిని మిక్కిలి గట్టిగా అదుమవలసియుండుటచేత పిస్టనుకు, వాల్వులకు నడుమ చోటు అత్యల్పము. కావున వాటిలో బెల్టు తెగుట దాదాపు ఎల్లప్పుడును పెద్ద నష్టమునకే దారి తీయును.

త్రోవలో ఇంజను ఒక్కసారిగా ఆగి, తాళము త్రిప్పినప్పుడు స్టార్టరు ఎన్నడును లేనంత తేలికగా, గిర్రున, దమ్ము లేని ధ్వనితో తిరిగినచో బెల్టు తెగినదని అనుమానింపవలెను. పెట్రోలు మారుతిలో డిస్ట్రిబ్యూటరు క్యాము షాఫ్టు చేతనే తిరుగును. దాని మూత తీసి, ఒక్క క్షణము మాత్రము స్టార్టరు త్రిప్పించి చూచినచో, లోపలి రోటరు కదలకున్న అనుమానము స్థిరపడినట్లే. డీజిలు కారులో ఈ పరీక్ష కూడ చేయరాదు. ఊరివారు సాయమునకు వచ్చి కారును త్రోసి గేరులో వేయించుట కలదు. సదుద్దేశముతో చేసినను అది వాల్వులను వంచు పనియే. అట్టి సమయమున రోగిని వేరొక బండిలో పంపించి, కారును త్రాటితో న్యూట్రలులో లాగించుకొని పోవుట మేలు.

ఇక మార్చు విధానము. ఇది నేర్చిన మెకానిక్కు చేయవలసిన పని. అయినను ఊరిలోని యువకులు ఈ పనిని నేర్చుకొనుచున్న చోట్ల, పని సరిగా సాగుచున్నదో లేదో పెద్దలు గుర్తించుటకు క్రమము తెలిసియుండవలెను. మారుతి 800ను దృష్టియందుంచుకొని చెప్పుచున్నాము.

కారును చదునైన చోట నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రలులో నుంచవలెను. ఇంజను పూర్తిగా చల్లారవలెను. బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. స్పార్కు ప్లగ్గులను తీసివేసినచో ఇంజనును చేతితో త్రిప్పుట సులభమగును. తరువాత ఆల్టర్నేటరును, నీటి పంపును త్రిప్పు వెలుపలి బెల్టును, కప్పీలను విప్పి, టైమింగు బెల్టు మీది మూతను తీయవలెను. క్రాంకు కప్పీ బోల్టు బిగువుగా ఉండును. కొందరు స్పానరును చట్రమునకు ఆనించి స్టార్టరును త్రిప్పి దానిని వదులు చేయుదురు. ఇది చేతులు విరుగు పని. చేయనీయరాదు.

పాత బెల్టును కదలింపక ముందే గుర్తులను కలుపవలెను. ఈ పనికంతటికి ప్రాణము ఇదియే. క్రాంకు బోల్టుకు స్పానరు వేసి, ఇంజను నడుచునప్పుడు ఏ దిశగా తిరుగునో ఆ దిశగానే మెల్లగా త్రిప్పవలెను. ఈ తరగతి ఇంజనులలో సాధారణముగా పై క్యాము చక్రము మీద ఒక గుర్తును, దాని వెనుకనున్న లోపలి మూత మీద ఇంకొక గుర్తును ఉండును. క్రింది క్రాంకు చక్రము మీద చిన్న గుంట వంటి గుర్తును, ఆయిలు పంపు పెట్టె మీద బాణపు గుర్తును ఉండును. పై జత, క్రింది జత రెండును ఒకేసారి ఎదురెదురుగా రావలెను. క్రిందిది కలిసినప్పుడు పైది సరిగా ఎదుటి వైపున ఉన్నచో కంగారుపడనక్కరలేదు. క్రాంకును ఇంకొక చుట్టు త్రిప్పిన అదియు కలియును. క్యాము ఒక చుట్టుకు క్రాంకు రెండు చుట్లు అని మొదట చెప్పినది ఇందుకే. స్పార్కు వేళను సరిచూచుటకు ఇంజను మీద వేరుగా గుర్తులుండును. వాటిని చూచి బెల్టు గుర్తులని పొరపడినవారు కలరు. పాత గుర్తులు మురికిలో కనబడకున్న గుడ్డతో తుడిచి, తెల్ల రంగుతో చుక్క పెట్టుకొనుట మంచి అలవాటు.

గుర్తులు కలిసిన పిమ్మట టెన్షనరు బోల్టులను వదులు చేసి, దానిని వెనుకకు నెట్టి పట్టి, బెల్టును తీయవలెను. బెల్టు లేని సమయమున క్రాంకును గాని క్యామును గాని విడిగా త్రిప్పరాదు. పిస్టను వాల్వుకు తగులు ఇంజనైనచో చేతితో త్రిప్పినను వాల్వు వంగుటకు అవకాశము కలదు.

ఇప్పుడు కొంత ఓపిక కావలెను. క్యాము, క్రాంకు షాఫ్టుల చివరలనున్న ఆయిలు సీళ్ల చుట్టు నూనె తడి యున్నదేమో చూడవలెను. ఉన్నచో సీలు మార్చకుండ క్రొత్త బెల్టు వేయుట డబ్బును నూనెలో వేయుటయే. టెన్షనరు చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. గరగర మన్నను, ఊగినను మార్పించవలెను. నీటి పంపు కారుచున్నదేమో కూడ ఈ సందర్భముననే చూచుకొన్నచో మరల విప్పు కూలి తప్పును. బెల్టును మాత్రము మార్చి తక్కినవి వచ్చే మారు చూతమనుట పొదుపుగా తోచును గాని, విప్పుట, బిగించుట అను కూలియే ఈ పనిలో పెద్ద భాగము.

క్రొత్త బెల్టును మడవరాదు, లోపలి ప్రక్క వెలుపలికి త్రిప్పరాదు, స్క్రూడ్రైవరుతో నెట్టి ఎక్కింపరాదు. నూనె చేతులతో పట్టరాదు. దాని మీద బాణము గుర్తున్నచో అది తిరుగు దిశకు సరిపోవునట్లు వేయవలెను. ముందుగా క్రింది క్రాంకు చక్రమునకు తగిలించి, టెన్షనరు లేని వైపు భాగమును బిగువుగా ఉంచుచు పైకి తెచ్చి క్యాము చక్రమునకు ఎక్కింపవలెను. వదులు ఎంత యున్నను టెన్షనరు ఉన్న వైపుననే మిగులవలెను.

పెక్కు చోట్ల పని చెడునది ఇక్కడనే. బెల్టు ఎక్కించిన వెంటనే చూచిన గుర్తులు రెండును చక్కగా కలిసియే యుండును. మెకానిక్కు తృప్తిపడి బిగించివేయును. కాని టెన్షనరు లేని వైపున కొంచెము వదులు మిగిలియున్నచో, ఇంజను తిరుగ మొదలిడగానే ఆ వదులు లాగుకొనబడి క్యాము ఒక పన్ను వెనుకబడును. క్రాంకు చక్రమునకు 20 పళ్లున్నవనుకొందము. ఒక పన్ను తేడా అనగా చుట్టులో ఇరువదవ వంతు, అనగా క్రాంకు మీద 18 డిగ్రీలు. వాల్వులకు ఇది చాల పెద్ద తేడా. అట్టి కారు స్టార్టు కావచ్చును, నడువను వచ్చును. కాని ఎత్తు ఎక్కదు, పెట్రోలు హెచ్చుగా త్రాగును, నిలిచినచోట వణకును. అప్పుడు యజమాని కార్బ్యురేటరును, ప్లగ్గులను మార్పించుచు నెలల తరబడి డబ్బు పోసికొనును. తప్పు బెల్టులో నున్నదని ఎవరికిని తోచదు.

దీనిని పట్టు ఉపాయము చాల సులభము. టెన్షనరును వదలి, దాని స్ప్రింగు బెల్టును లాగనిచ్చి, క్రాంకును చేతి స్పానరుతో నడుచు దిశగానే రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. అప్పుడు పై జత, క్రింది జత గుర్తులు మరల ఎదురెదురుగా వచ్చి నిలువవలెను. రాకున్నచో బెల్టును తీసి మొదటినుండి వేయవలెను. సగము పన్ను తేడా యున్నది, నడుచులే యను మాట వినరాదు. పళ్లలో సగమను మాట లేదు. త్రిప్పుచున్నప్పుడు గట్టిగా అడ్డు తగిలినచో బలము చేయక నిలిపివేయవలెను. అది పిస్టను వాల్వుకు తగులుచుండుట కావచ్చును. గుర్తులు కలిసినవని నిర్ధారణయైన పిమ్మట టెన్షనరు బోల్టులను పుస్తకములో చెప్పిన బిగువుకు బిగించి, మరల ఒకసారి గుర్తులు చూచి, మూత వేయవలెను. బెల్టు మిక్కిలి బిగువైన కూతపెట్టుచు బేరింగులను తినివేయును, వదులైన పళ్లు జారును.

1998లో వెలువడిన టాటా ఇండికా వంటి పాత డీజిలు కార్లలో ఇదే బెల్టు ఇంధన పంపును కూడ త్రిప్పును. అందుచేత అక్కడ గుర్తులను మూడు చోట్ల కలుపవలెను. పెట్రోలు మారుతిలో డిస్ట్రిబ్యూటరు క్యాముతో కలిసి తిరుగునది గనుక, బెల్టు మార్చిన తరువాత స్పార్కు వేళను టైమింగు లైటుతో సరిచూపించుకొనవలెను. చెవితో విని సరిచేయు మేస్త్రీలు లేకపోలేదు. అయినను దీపముండగా చెవిని నమ్మనేల?

ప్రభుత్వ సంస్థల, పంచాయతీల పేరిటనున్న వాహనములకు 15 సంవత్సరములు నిండిన పిదప రిజిస్ట్రేషను చెల్లదను నియమము 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున పంచాయతీ స్వంత వాహనము మరీ పాతదగుటకు వీలు లేదు. ఊరివారి స్వంత కార్లు, బాడుగ వ్యానులు మాత్రము అంతకంటె ఎక్కువ కాలము తిరుగుచున్నవి. పంచాయతీవారు అవసరమునకు పిలుచు వ్యాను ఒకటి రెండు ఊరిలో ఉన్నచో, వాటి యజమానులను పిలిచి బెల్టు ఎన్నడు మార్చితిరని అడుగుటకు పది నిమిషములు చాలును. సమాధానము రానిచో ఆ వ్యాను రాత్రి ప్రయాణమునకు తగినది కాదని భావింపవలెను. స్వంత వాహనమున్న పంచాయతీలో లాగు పుస్తకమునందు బెల్టు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల అంకె, వేసిన బెల్టు పెట్టె మీది నంబరు, మరల మార్చవలసిన కిలోమీటర్ల అంకె వ్రాయించవలెను. మెకానిక్కు పాత బెల్టును, పాత సీళ్లను అప్పగించిన తరువాతనే బిల్లు మీద సంతకము చేయవలెను. ఆ మార్చవలసిన అంకెను చిన్న కాగితము మీద వ్రాసి ఇంజను మీది రేకు లోపలి ప్రక్కన అంటించినచో, డ్రైవరు మారినను, సభ్యులు మారినను అది అక్కడనే యుండును.